కోడి కూసేలోపే

నవంబర్ 18

ఈ నోటుబుక్కు ముందు పేజీలు దవాఖానావి. వెనక నుంచి తిప్పితే నావి.

ఇంట్లో తెలుగు చదవడం నాకొక్కదానికే వచ్చు. అవ్వకు మాటలే గానీ అక్షరాలు రావు. నాయిన మరాఠీ బళ్ళో చదివాడు, తమ్ముడు విక్కీ ఇంగ్లీషు మీడియం. నన్ను మాత్రం అమ్మ పట్టుబట్టి ఏడో తరగతి దాకా మున్సిపాలిటీ తెలుగు బడికి పంపింది. ముంబై కామాటిపురాలో ఉంటూ తెలుగు చదివి ఏం చేస్తావే కోమల్ అని మేముండే చాలీ బిల్డింగంతా నవ్వేది. ఇదిగో, ఇది చేస్తున్నాను. మంచం మీద తెరిచి పడేసినా ఒక్కడూ చదవలేడు. అమ్మ ఉంటే చదివేది. లేదు.

జరిగింది ఒక్కసారి రాసి పడేస్తాను, మళ్ళీ దాని జోలికి పోను. ఆగస్టులో ఉట్టి పండగ రోజు ఉట్టి అందుకోడానికి ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కే మా గల్లీ ఆడవాళ్ళ గోవిందా గుంపులో నేను నాలుగో వరస ఎక్కాను. పడ్డాను. నడుము పూస విరిగింది. లోపలి నరాలు నలిగాయి, తెగలేదు. రాడ్లు వేశారు. సెప్టెంబర్లో కాలి వేళ్ళు కదిలాయి. అక్టోబర్లో లేచి నిలబడ్డాను. ఇప్పుడు వాకర్ పట్టుకుని రూముల ముందున్న గ్యాలరీ ఈ చివర నుంచి ఆ చివరికి నడుస్తున్నాను. చాలీ చప్పట్లు కొట్టింది. ఎదురు రూము సారికక్క ఆ రోజు కింది వరసలో నా బరువు మోసింది. ఇప్పుడు నా నడక వీడియో తీసి తెలిసినవాళ్ళందరికీ పంపింది. అది మహబూబ్‌నగర్‌లో మేము ఎన్నడూ చూడని చుట్టాల దాకా పోయింది.

వీడియోలో కనబడనిది ఒకటుంది. నాకు ఒంటికి రాదు.

దవాఖానాలో యూరిన్ అంటారు, బళ్ళో మూత్రమన్నారు, అవ్వ ఉచ్చ అంటుంది. ఏ పేరుతో పిలిచినా రాదు. కడుపు కింద నిండినా తెలియదు, వదలమన్నా వదలదు. మూడు నెలలు సంచి తగిలించుకుని తిరిగాను, నైటీ కింద దాచుకుని. ఆ వీడియోలో కూడా ఉంది అది, లోపల.

ఈ రోజు దవాఖానాలో సపన సిస్టర్ ఆ సంచి తీసేసింది. దాని బదులు సన్నటి పైపు ఇచ్చింది. నాలుగు గంటలకోసారి ముందు నా అంతట నేను ప్రయత్నించాలి, తర్వాత పైపు పెట్టి మిగిలింది తీసెయ్యాలి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, అద్దం పెట్టుకుని చూసుకోవాలి. తాగిన నీళ్ళు ఎన్ని, నా అంతట నేను పోసింది ఎంత, పైపుతో వచ్చిన మిగులు ఎంత, మూడు గళ్ళలో రాయాలి.

"మిగులు వంద లోపు రావాలి, ఒంటికొస్తున్నట్టు నీకే తెలియాలి. ఆ రెండూ అయితే పైపు పారేద్దాం" అంది.

"కాకపోతే?"

"కాకపోతే పైపుతోనే బతుకుతారు చాలామంది. బాగానే బతుకుతారు" అంది సిస్టర్ మరాఠీలో, చాలా మామూలుగా.

వాళ్ళకు సొంత బాత్రూము ఉంటుంది, సిస్టర్. అనలేదు.

నవంబర్ 19

మా రూము పదికి పన్నెండు. మూలన నీళ్ళు పోసుకునే మోరీ ఉంది గానీ దాని పైపు పగిలి కింది రూములోకి కారుతుంది. స్నానం, గిన్నెలు తప్ప అందులో ఇంకేం చెయ్యమని కిందివాళ్ళకు మాట ఇచ్చాం. సండాస్ గ్యాలరీ చివర, మూడు తలుపులు, పద్దెనిమిది కుటుంబాలు. నేను కింద కూర్చుంటే లేవలేను.

నాయిన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి తెచ్చి నడుమ రంపంతో గుండ్రంగా కోశాడు. అంచులు గరుకు కాగితంతో అరగంట రుద్దాడు. ఎందుకో నోటితో అనలేదు. ఆఫీసు బిల్డింగులో లిఫ్టు నడిపే మనిషి, రోజంతా ఎవరితోనూ మాట్లాడని అలవాటు. మంచానికి అడ్డంగా అమ్మ పాత చీర కట్టాడు.

విక్కీ నా ఫోనులో అలారం పెట్టాడు. ఆరు, పది, రెండు, ఆరు, పది. కోడి కూత పెట్టాడు దరిద్రుడు. మార్చరా అంటే, "వేరేది పెడితె ఎవరికన్నా అర్థమైతది. కోడి అయితే ఎవరికి డౌట్ రాదు" అన్నాడు. కోడి కూయగానే నాయిన, విక్కీ ఇద్దరూ లేచి గ్యాలరీలోకి పోయి నిలబడతారు. ఎవరైనా చూస్తే చలిగాలికి వచ్చారనుకోవాలి.

అంతా అయ్యాక అవ్వ కుర్చీ కింద పెట్టిన డబ్బా మీద మూత పెట్టి, కొంగు కప్పి, సండాస్‌లో పోసి వస్తుంది. డెబ్బై ఆరేళ్ళ ముసలిది. నాకు తల కొట్టేసినట్టవుతుంది. ఆమెకు ఏమీ అనిపించదు. ఒకప్పుడు బిల్డింగు పనిలో తట్ట మోసినట్టే మోసుకుపోతుంది.

నవంబర్ 23

సున్నా. సున్నా. సున్నా. సున్నా. సున్నా.

నవంబర్ 30

సారికక్క తలుపు దగ్గర నిలబడి అవ్వను అడిగింది: "రాజవ్వా, మీ ఇంట్ల కోడిని పెట్టిన్రా ఏంది? పగటీలి రెండింటికి కూస్తది. గదేం కోడి?"

"గోలీల టైముకు పెట్టిండు పోరడు" అంది అవ్వ.

"గన్ని గోలీలా? నడుస్తున్నది కదనే కోమల్. అచ్చి ఝాలీ, మంచిగైనవ్. ఇంక గోలీలెందుకు?"

నేను నవ్వాను. సారికక్కకు చెబితే సాయంత్రానికి ఫోరస్ రోడ్డు దాకా తెలుస్తుంది. మంచి మనిషి. నేను పడ్డ రోజు నాకంటే ఎక్కువ ఏడ్చింది. కానీ ఆ నోరు ఊరుకోదు. కాళ్ళు రాలేదంటే జాలి పడతారు. ఇది రాలేదంటే ముక్కు మూసుకుంటారు. నేను ఎవరికీ చెప్పను.

డిసెంబర్ 4

వచ్చింది!

మధ్యాహ్నం రెండు. కుర్చీలో కూర్చున్నాను. నీళ్ళ చప్పుడు వింటే వదులవుతుందని సిస్టర్ చెప్పింది. మాకు నల్లా పొద్దున గంటసేపే వస్తుంది, మధ్యాహ్నం చప్పుడెక్కడిది? అవ్వ రెండు చెంబులు తెచ్చి చీర అవతల కూర్చుంది. ఈ చెంబులోంచి ఆ చెంబులోకి, ఆ చెంబులోంచి ఈ చెంబులోకి. పది నిమిషాలు, పదిహేను నిమిషాలు. చేతులు నొప్పి పెడుతున్నాయా అవ్వా అంటే "నోర్మూస్కొని కూసో" అంది.

అప్పుడు టప్పున ఒక చప్పుడు. చెంబులది కాదు. కిందిది. మళ్ళీ ఒకటి. తర్వాత సన్నగా ఒక తీగ, ఆగిపోయింది.

"అవ్వా!"

"ఇన్న" అంది అవ్వ. చెంబు కింద పెట్టేసింది. "నేను ఇన్న బిడ్డా."

ఇరవై మిల్లీలీటర్లు. దగ్గు మందు మూతకు రెండింతలు ఉండదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అవ్వ ఆ డబ్బాను వెలుతురులో పట్టుకుని బంగారం చూసినట్టు చూసింది. ఆ రోజు సెలవులో ఉన్న నాయిన గ్యాలరీలోంచి "ఏమైందే?" అన్నాడు. అవ్వ తలుపు సందులోంచి, "అయింది" అంది, అంతే. నాయిన అప్పుడే కిందికి దిగిపోయి జిలేబీ తెచ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. ఒంటికి పోసినందుకు జిలేబీ తిన్న ఆడపిల్లను ముంబైలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మిగులు 360.

డిసెంబర్ 9

నా అంతట నేను 40. బాగానే ఉంది. కానీ మిగులు 350, 370, 340. కదలదు.

రాత్రి అన్నం తింటుంటే అవ్వ అంది: "గన్ని నీళ్ళు తాగవడితివి, గన్ని వస్తయి. ఎక్కువ తాగితె ఎక్కువ మిగుల్తది. గింత తెల్వదా?"

"సిస్టర్ రెండు లీటర్లు తాగమంది అవ్వా."

"ఆమెకేం ఎరుక? నేను ముప్పై ఏండ్లు తట్ట మోసిన. పొద్దుగాల పోతె పొద్దుమీకి ఇల్లు. నడుమ ఒక్కపారన్న పోయిననా? నీళ్ళు ముడితేనే కదా! పొద్దుగాల ఒక గలాస, పొద్దుమీకి ఒక గలాస. మా జట్టు ఆడోళ్ళందరం గంతే. నన్నేమన్నా రోగం పట్టిందా?"

అవ్వ ఈ మాట చిన్నప్పటి నుంచీ చెబుతుంది, గొప్పగా. మా ఇంటి ఆడవాళ్ళు ఆపుకోగలరు. అమ్మ కూడా అంతే. బళ్ళో సండాస్‌కు గొళ్ళెం లేదు కాబట్టి నేనూ అంతే. పార్లర్‌లో ఐబ్రోలు చేసేటప్పుడు కూడా సాయంత్రం దాకా కదిలేదాన్ని కాదు.

అవ్వ చెప్పిందాంట్లో తప్పేముంది? లెక్క సరిగ్గానే ఉంది.

డిసెంబర్ 12

మిగులు 260. కొంచెం తగ్గించాను అంతే. చలికాలం కదా, దాహం వెయ్యట్లేదు. నీళ్ళ గడిలో రెండు లీటర్లనే రాశాను, సిస్టర్ కంగారు పడుతుందని.

డిసెంబర్ 17

180! వారంలో సగానికి సగం. నరాలు అతుక్కుంటున్నట్టున్నాయి. చలికాలం కదా, నీళ్ళు తాగబుద్ధి కాదు. నోరు ఎండితే పుక్కిలిస్తున్నాను.

డిసెంబర్ 22

120. అవ్వ పోశమ్మకు మొక్కుకుంది. నాయిన ఆ కోసిన కుర్చీని ఏం చేయాలా అని చూస్తున్నాడు. పార్లర్ మేడమ్‌కు ఫోన్ చేసి, సంక్రాంతి అయ్యాక వస్తానని చెప్పేశాను. చలికాలం కదా.

డిసెంబర్ 27

90!!! వంద లోపు! అయిపోయింది, ఇంక పైపు పారేయడమే. ఒంటికొచ్చినట్టు తెలియడం ఒక్కటే మిగిలింది. అది దానంతట అదే వస్తుంది.

కొంచెం తలనొప్పిగా ఉంది. రంగు టీ డికాక్షన్ లాగా ఉంది. వాసన కూడా.

డిసెంబర్ 29

చలి. రెండు దుప్పట్లు

జనవరి 2

నిన్న సాయంత్రం ఇంటికొచ్చాను. మూడు రోజులు దవాఖానాలో, చేతికి సూది. నూట మూడు జ్వరం. లోపల చీము పట్టింది, ఇంకో రెండు రోజులు ఆలస్యమైతే కిడ్నీ దాకా పోయేదన్నారు.

సపన సిస్టర్ నోటుబుక్కు ముందు పేజీలు తిరగేసింది. అరవలేదు. అరిచినా బాగుండేది.

"రోజుకు రెండు లీటర్లు తాగావు. బయటికొచ్చింది అంతా కలిపితే ఆరువందల యాభై. మిగతాది ఎటు పోయింది కోమల్?"

నేను కిటికీ వైపు చూశాను.

"సరే, అది వదిలెయ్. ఈ గడి చూడు." వేలు పెట్టి చూపించింది. నా అంతట నేను పోసింది. "డిసెంబర్ తొమ్మిదిన నలభై. ఇరవై ఏడున కూడా నలభై. ఏం మారింది?"

ఏమీ మారలేదు. ఆ గడి రోజూ నేనే రాశాను. రోజూ నలభై అని నా చేత్తోనే రాశాను. ఒక్కరోజూ చూడలేదు. పక్క గడి తగ్గుతోంది కదా అని దాన్నే చూసుకుని మురిసిపోయాను. బిందెలో నీళ్ళు పోయడం మానేసి, బిందె తేలికైంది అన్నట్టు.

"ఎవరు చెప్పారు తాగొద్దని?"

అవ్వ నా మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని ఉంది. మరాఠీ ఆమెకు బాగా అర్థమవుతుంది. నేను చెప్పకముందే తనే చెప్పింది, "మీ సాంగితలా" అని. నేనే చెప్పిన అని. తర్వాత ఇంటికొచ్చేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. టాక్సీలో కూడా.

మళ్ళీ రెండు లీటర్లు. మిగులు 330. ఎక్కడ మొదలుపెట్టానో అక్కడికే వచ్చాను.

జనవరి 3

అవ్వ మాట్లాడటం లేదు. డబ్బా తీసుకుపోతుంది, తెస్తుంది. చెంబులతో నీళ్ళు పోస్తుంది. మాట లేదు.

నాకు కోపంగా ఉంది. ఆమె మీద కాదు. కాదు, ఆమె మీద కూడా.

జనవరి 5

ఈ రోజు మధ్యాహ్నం కోడి కూసింది. అవ్వ చెంబులు పట్టుకుని చీర అవతల కూర్చుంది. చప్పుడు మొదలైంది. కాసేపటికి ఆగింది. అవ్వ అక్కడి నుంచే మాట్లాడింది. చీర నడుమ ఉంది కాబట్టి మాట్లాడగలిగిందేమో. చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

"వర్లిల ఒక బిల్డింగు గట్టినం. మీ నాయిన గప్పుడు గింతంత ఉండె. తొమ్మిదో మాలా స్లాబు పోస్తున్నరు. స్లాబు పోస్తుంటె లైను ఇడువొద్దు. ఒక్కలు ఇడిస్తె మాల్ గట్టివడతది. కింద నుంచి మీది దాంక ఆడోళ్ళం వరుస నిలవడి తట్టలు అందుకుంటున్నం. పొద్దుగాల నుంచి నీళ్ళు ముట్టలే. అయినా అచ్చింది. ఆపిన. ఆపిన. నెత్తి మీద తట్ట ఉన్నది, చేతులు మీదికున్నయ్. ఇడిసిన. నిలవడ్డకాడనే."

అవతల చెంబులో నీళ్ళు కదిలిన చప్పుడు.

"చీర మొత్తం తడిసింది. గప్పుడే తట్ట కింద పెట్టి, పక్కన డ్రమ్ముల నీళ్ళుంటే బకీటు ముంచి నెత్తి మీదికెళ్ళి పోస్కున్న. ఎండ గొడ్తున్నదే అన్న. నా ఎనకున్నామె చూసింది. ఆమె గూడ అచ్చి బకీటు పోస్కున్నది. ఆమె ఎనకామె గూడ. లైనుల ఏడుగురం. అందరు పోస్కున్నరు, అబ్బ ఎండ, అబ్బ ఎండ అనుకుంట."

చెంబు కింద పెట్టిన చప్పుడు.

"ఆళ్ళెందుకు పోస్కున్నరో నాకెరుకే. ఒక్కలం ఒక్కలకు చెప్పుకోలే. నలభై ఏండ్లాయె. ఆపుకున్న ఆపుకున్న అని గొప్పలు జెప్తి గని, గొప్ప కాదే అది. బయం. గా బయమే నీకు గూడ పెట్టిన. నా నోరు పడిపోను."

నాకు ఏడుపొచ్చింది. నవ్వు కూడా. తొమ్మిదో అంతస్తు మీద ఏడుగురు ఆడవాళ్ళు నెత్తి మీద నీళ్ళు కుమ్మరించుకుంటూ "అబ్బ ఎండ" అనడం కళ్ళకు కట్టింది. నవ్వు ఆపుకోలేకపోయాను. చీర అవతల అవ్వ కూడా కిసుక్కుమంది. ఇద్దరం పడి పడి నవ్వాం. ఆ నవ్వులో కింద చప్పుడైంది. సన్నగా, ఆగకుండా, చాలాసేపు.

తొంభై మిల్లీలీటర్లు.

గ్యాలరీలోంచి విక్కీ అరిచాడు: "క్యా చల్ రహా హై అందర్?"

జనవరి 8

అవ్వ కొత్త పద్ధతి పెట్టింది. నేనొక గ్లాసు తాగితే తనూ ఒక గ్లాసు తాగుతుంది. ఎదురెదురుగా కూర్చుని, ఒకరినొకరు చూసుకుంటూ. "చూద్దాం ఎవరు దొంగతనం చేస్తరో" అంటుంది. నా చేతిలో స్టీలు గ్లాసు, ఆమె చేతిలో ఇత్తడిది. మొదటిరోజు నాలుగో గ్లాసుకు ఆమె ముఖం చూడాలి. విషం తాగినట్టు.

మధ్యాహ్నానికల్లా ఆరుసార్లు సండాస్‌కు పరిగెత్తింది. "ఏం రోగమే ఇది, కూసోనియ్యది లేవనియ్యది!" ముప్పై ఏళ్ళు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆపిన మనిషి ఇప్పుడు గ్యాలరీలో కొంగు బిగించి పరిగెత్తుతుంటే చాలీ అంతా చూస్తోంది. ఆమెకు లెక్కలేదు.

ఈసారి నీళ్ళ గడిలో రాసేది నిజం.

జనవరి 14

నేను 130. మిగులు 240. పార్లర్ మేడమ్‌కు ఫోన్ చేసి ఇంకా సమయం పడుతుందని చెప్పాను. ఎందుకని అడిగింది. "తబియత్ బాగాలేదు" అన్నాను.

జనవరి 20

సగం సగం అయ్యాయి! నేను 190, మిగులు 190. ఈ లెక్క అబద్ధం కాదు. మూడుసార్లు కొలిచాను.

జనవరి 29

ఈ రోజు చెంబులు లేకుండానే వచ్చింది. అవ్వ నిద్రపోతోంది, లేపలేదు. కళ్ళు మూసుకుని తొమ్మిదో అంతస్తు మీద నీళ్ళు కుమ్మరించుకుంటున్న ఆడవాళ్ళను తలచుకున్నాను. వచ్చేసింది.

ఫిబ్రవరి 10

సోనోగ్రఫీ. కడుపు మీద చల్లటి జెల్ రాశారు. ముందు నిండుగా ఉన్నప్పుడు చూశారు, తర్వాత పోసి రమ్మన్నారు, మళ్ళీ చూశారు. 130.

వంద కాదు. ముప్పై ఎక్కువ. ముప్పై అంటే ఎంత, రెండు పెద్ద చెంచాలు?

డాక్టర్ మాత్రం సంతోషపడ్డాడు. "వెరీ గుడ్. నాలుగు వందల నుంచి నూట ముప్పై, చాలా మంచి రికవరీ" అన్నాడు. సపన సిస్టర్ నోటుబుక్కు చూసి, "ఇది నమ్మొచ్చు" అంది. దానికే సగం ప్రాణం తేరుకుంది.

"ఒంటికొస్తున్నట్టు తెలుస్తోందా?"

"లేదు సిస్టర్. కోడి కూస్తే పోతున్నాను."

కోడి సంగతి చెప్పేసరికి ఆమె టేబుల్ మీద తల పెట్టి నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని చెప్పింది, అలారం మోగకపోతే తెలియని మనిషికి పైపు ఆపలేం, నిండి నిండి వెనక్కి కిడ్నీలోకి పోతుందని. "కొందరికి వస్తుంది, కొందరికి రాదు. వచ్చేటప్పుడు వింతగా వస్తుంది. ఒంట్లో చెమట, ఒళ్ళు జలదరింపు, కడుపులో బరువు. ఏదో ఒకటి. గమనించు."

రాకపోతే జీవితాంతం కోడి. నేను ఎక్కడికి పోయినా, పార్లర్‌లో ఉన్నా, ఎవరి పెళ్ళిలో ఉన్నా, రెండింటికి కూయాలి.

ఫిబ్రవరి 13

గమనిస్తున్నాను. ఏమీ లేదు. ఆకలి తెలుస్తుంది, నిద్ర తెలుస్తుంది, కుడి కాలి బొటనవేలి మీద చీమ పాకితే కూడా తెలుస్తోంది. ఇది మాత్రం లేదు.

ఫిబ్రవరి 16

కడుపులో ఏదో. పరిగెత్తాను (వాకర్‌తో ఎంత పరిగెత్తగలిగితే అంత). గ్యాస్.

ఫిబ్రవరి 21

మొదటి నుంచి రాస్తాను. ఒక్క ముక్క వదలను.

ఈ రోజు మధ్యాహ్నం సారికక్క వచ్చింది. సాయంత్రం చెల్లెలి నిశ్చితార్థం ఉందట, ఫాక్‌లాండ్ రోడ్డు మీది పార్లర్‌లో రష్ అట. "నువ్వే చెయ్యవే ఐబ్రో, చెయ్యి మరిచినవా ఏంది?" అంది. ఆరు నెలల తర్వాత దారం పళ్ళతో పట్టుకున్నాను. గ్యాలరీలో వెలుతురు బాగుంటుందని ఆమెను తలుపు బయట స్టూలు మీద కూర్చోబెట్టి, నేను నా కుర్చీలో కూర్చున్నాను. ఆ కోసిన కుర్చీలోనే, మీద దిండు వేసుకుని. ఇంట్లో గట్టి కుర్చీ అదొక్కటే.

చెయ్యి మరవలేదు. ఎడమ కనుబొమ్మ కత్తిరించినట్టు వచ్చింది. సారికక్క "ఆయ్, ఆయ్" అంటూనే చెల్లెలి అత్తగారిని తిడుతోంది. కుడి కనుబొమ్మ మీద దారం పెట్టబోయాను.

అప్పుడు ముంజేతుల మీద వెంట్రుకలు లేచాయి. చలి కాదు. బొడ్డు కింద ఎవరో లోపల నుంచి చెయ్యి ఆన్చినట్టు, మెల్లగా, బరువుగా. నాకు తెలిసిన బరువు. చిన్నప్పటి నుంచీ తెలిసిన బరువు. ఆరు నెలలుగా మరిచిపోయాను అంతే. బడి గంట కొట్టేదాకా కాలు మీద కాలు వేసుకుని కూర్చునే బరువు.

దారం నోట్లోంచి జారిపోయింది.

"ఏమైందే?" అంది సారికక్క.

"నాకు ఒంటికొస్తోంది" అన్నాను.

"వస్తె పో."

"నాకు ఒంటికొస్తోంది అక్కా!" ఈసారి అరిచాను. గ్యాలరీ మొత్తం వినబడేలా. సండాస్ ముందు లైన్లో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆరు నెలలు ఎవరికీ తెలియకూడదని చచ్చేంతగా దాచిన సంగతి నేనే గొంతు చించుకుని చెప్పాను.

అవ్వ లోపలి నుంచి వచ్చింది, చేతిలో ఇత్తడి గ్లాసు. నా ముఖం చూసింది. గ్యాలరీ చివర లైను చూసింది. నలుగురున్నారు. అలవాటు ఎక్కడికి పోతుంది, నేనే అనేశాను: "లైనుంది అవ్వా. జర ఆపుకుంట."

"ఆపుకోకు!" అవ్వ అరిచిన అరుపుకు కింద గల్లీలో వాళ్ళు పైకి చూశారు. "ఒక్క నిమిషం గూడ ఆపుకోకు బిడ్డా! సారికా, కుర్చీ పట్టు!"

సారికక్కకు ఏమీ అర్థం కాలేదు. అయినా ఆ మనిషి అంతే, ఎత్తమంటే ముందు ఎత్తుతుంది, తర్వాత అడుగుతుంది. దిండు పారేసి కుర్చీ నెత్తిన పెట్టుకుంది. కుర్చీ నడుమ కన్నం చూసి ఒక్క క్షణం ఆగింది. నా వైపు చూసింది. ఒక కనుబొమ్మ తీర్చి, ఇంకొకటి గుబురుగా, ముందు నడుస్తూ "బాజూ! బాజూ! హటో రే! జాఊ ద్యా తిలా!" అంటూ నాకు దారి ఇవ్వమని కేకలు. ఉట్టి రోజు కూడా అంత గట్టిగా అరవలేదు. వెనక నేను, వాకర్. నా వెనక అవ్వ, గ్లాసులో నీళ్ళు ఒలికిపోతూ.

లైన్లో ఉన్న మొగులయ్య మామ నోరు తెరిచాడు, ఏమనబోయాడో ఏమో, సారికక్క ముఖం చూసి మూశాడు. పక్కకు జరిగాడు.

తలుపు వేసుకున్నాను. గొళ్ళెం పెట్టాను. కూర్చున్నాను. చెంబులు లేవు, చీర లేదు, ఎవరినీ తలచుకోలేదు. తలచుకునే సమయం కూడా ఇవ్వలేదు అది. దానంతట అది వచ్చింది. చాలాసేపు వచ్చింది. బయట ఎవరో తలుపు బాదారు, "కితీ వేళ్?" అని, ఇంకెంతసేపని. నలుగురి కోసం నేను తలుపు తెరవాలి, నా కోసం నలుగురు నిలబడ్డారు. అందరి లాగా. ఆ తలుపు బాదుతుంటే నాకు పట్టరాని సంతోషం వేసింది. ఇంకా బాదండి అనిపించింది.

బయటికొచ్చేసరికి అవ్వ గోడకు ఆనుకుని ఏడుస్తోంది. సారికక్క ఆమె భుజం పట్టుకుని నా వైపు చూసింది.

"ఆగస్టు నుంచా?" అంది మెల్లగా. ఆ గొంతు అంత చిన్నగా కూడా మాట్లాడగలదని నాకు తెలియదు.

"ఆగస్టు నుంచి."

"గా వీడియోల గూడ?"

"అందులో కూడా."

సారికక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత ముక్కు చీదుకుని, "అయితె గీ మాట నా నోటికెళ్ళి బయటికి పోదు" అంది. నేను నవ్వేశాను. "చెప్పుకో అక్కా. అందరికీ చెప్పుకో. నేనే అరిచాను కదా."

గ్యాలరీ చివర డ్రమ్ము దగ్గర చేతులు కడుక్కుంటున్నాను. సబ్బు రుద్దుతున్నాను. అప్పుడు మా రూములోంచి వినబడింది. కొక్కొరోకో.

రెండు గంటలు. లైన్లో ఉన్న వాళ్ళంతా మా తలుపు వైపు చూశారు. విక్కీ అలవాటుగా లేచి గ్యాలరీలోకి వచ్చి నిలబడ్డాడు. నేను సండాస్ వైపు నుంచి వస్తుంటే చూసి, నోరు తెరిచి, ఫోనుకేసి చూసి, మళ్ళీ నన్ను చూశాడు.

"అయిపోయిందిరా" అన్నాను.

రూములోకి పోయి పైపు పెట్టి కొలిచాను. మిగులు 40. అవ్వకు అంకెలు రావు. డబ్బా చేతికిచ్చాను. వెలుతురులో పట్టుకుని, అడుగున ఉన్నది చూసి, "గింతేనా?" అంది.

"గింతే అవ్వా."

సిస్టర్‌కు ఫోన్ చేస్తే, ఇంకో వారం కొలుస్తూ ఉండు, ఇలాగే ఉంటే పైపు ఆపేద్దాం అంది. చేస్తాను. నీళ్ళ గడి కూడా నింపుతాను, నిజంగా.

విక్కీ అలారం తీసేయనా అని అడిగాడు. ఉండనివ్వమన్నాను. కూయనీ. నేను ముందే పోయి వస్తాను.

సారికక్క మళ్ళీ స్టూలు మీద కూర్చుంది. ఒక కనుబొమ్మతో నిశ్చితార్థానికి ఎట్లా పోవాలే అంది. దారం తీసుకోబోతుంటే అవ్వ నా చేతిలో స్టీలు గ్లాసు పెట్టింది. తనది తను ఎత్తింది.

దాహంగా ఉంది. ముందు నీళ్ళు తాగాను.